మే నెలలో కొత్తిమీర రాలేదని ధనియాలను తిట్టకండి

వేసవి వచ్చిందంటే మిద్దె తోటలవాళ్లది ఒకటే గోల. "ధనియాలు మంచివి కావండీ, మొలిచీ మొలవకముందే పువ్వుకొచ్చేసింది" అని. ధనియాలేం చేశాయి పాపం! కొత్తిమీర చలికాలపు మొక్క. నల్లరేగడిలో ధనియాలు వేసే రైతు అక్టోబరు, నవంబరు దాకా ఆగేది ఊరికే కాదు. ఎండ 30 డిగ్రీలు దాటి పగలు పొడవయ్యేసరికి మొక్కకు విత్తనం కట్టే తొందర పుడుతుంది. నడిమి కాడ నిటారుగా లేస్తుంది, ఆకులు సోంపు ఆకుల్లా దారాలైపోతాయి. ఇక పువ్వులు తుంచినా ఆకు రాదు. ఏప్రిల్, మే వదిలేయండి. మరీ పంతమైతే సగం ఎండ ఆపే గ్రీన్ నెట్ కింద వేసి, 25, 30 రోజులకే వేళ్లతో సహా పీకేసుకోండి.

చలికాలంలోనూ మొలవలేదంటే లోపం మన చేతిలోనే. ధనియం నిజానికి గింజ కాదు, కాయ. లోపల రెండు గింజలుంటాయి. గుడ్డ మీద పోసి అప్పడాల కర్రతో మెల్లగా ఒత్తితే రెండు బద్దలవుతుంది. మిక్సీలో తిప్పితే మొలక భాగమే నలిగిపోతుంది, ఆ పని వద్దు. రాత్రంతా, అంటే 8, 10 గంటలు నానబెట్టి, నీడలో తడి ఆరనిచ్చి చల్లాలి. రెండు రోజులు నీళ్లలో మర్చిపోతే గాలాడక కుళ్లుతాయి. కిరాణా కొట్టు ధనియాలు చాలు, కాకపోతే పాతవి కాకూడదు. గుంటూరు లాం పరిశోధన స్థానం రకాలు సింధు, సాధన, స్వాతి ముఖ్యంగా గింజ కోసం. పదేపదే కోసుకోవాలంటే ఆకు రకమని అడిగి కొనండి.

టబ్బు లోతు 6 నుంచి 8 అంగుళాలుంటే చాలు, వెడల్పు ముఖ్యం. ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు, ఇసుక ఒక పాలు. అడుగూ రెండడుగుల టబ్బుకి ఒక టీస్పూను ధనియాలు. అర అంగుళం లోతులో వేసి పైన తడి గోనెపట్టా కప్పండి. మొలక రావడానికి 7 నుంచి 15 రోజులు పడుతుంది, నాలుగో రోజే తవ్వి చూడకండి! ఆ రోజుల్లో మట్టి ఎండితే పని అయిపోయినట్టే. మొలక కనిపించిన రోజే పట్టా తీసేయండి, లేకపోతే మొలకలు పాలిపోయి వాలిపోతాయి. ఆ తర్వాత రోజూ నీళ్లు కుమ్మరిస్తే నారు కుళ్లు. పైమట్టి ఆరాకే పోయాలి.

నారు పోసి మార్చి నాటడం ఇంకో తప్పు. తల్లివేరు దెబ్బతింటే మొక్క బెదిరి పువ్వుకొస్తుంది. కట్ట కొన్న కొత్తిమీర వేళ్లను గ్లాసు నీళ్లలో పెడితే "ఎప్పటికీ కొత్తిమీర" అని చూపించే వీడియోలున్నాయే, వాటికీ ఇదే సమాధానం. నాలుగాకులు వేసి కాడ లేస్తుంది.

35, 40 రోజులకు, మధ్య చిగురు తెగకుండా అంగుళంన్నర పైన కత్తెరతో కోయండి. రెండు కోతలొస్తాయి. మూడోదానికి ఆశపడే బదులు 15 రోజులకో కొత్త టబ్బు వేసుకోవడం నయం. ముదిరి పువ్వుకొచ్చిన నాలుగు మొక్కలు మాత్రం ఉంచండి. ఆ పువ్వులకు అక్షింతల పురుగులొస్తాయి, అవి పక్క మొక్కల మీది పేనుబంకను తింటాయి. పచ్చి ధనియాలు పచ్చడిలో వేస్తే ఆ ఘాటే వేరు.

ఇంత కష్టపడి పెంచినదాన్ని చారు మరుగుతుండగా వేసేవాళ్లకి ఏం చెప్పాలి? ఆకు వాసనంతా వేడికి ఎగిరిపోయే ఆల్డిహైడ్లనే పదార్థాలదే. కాడలు పోపులో వేగనివ్వండి, ఆకు మాత్రం పొయ్యి కట్టేశాకే వేసి మూత పెట్టండి.