ఫాక్స్‌గ్లవ్ ఆకుల కషాయం ఎవరూ కాయకండి

"బ్రిటన్ పూలూ పిట్టలూ: డాక్టర్లు దాచిన రహస్యాలు" అన్న మెసేజ్ ఈ నెలలో నాకు ఆరోసారి వచ్చింది. మొదటిసారి చదివి ఊరుకున్నాను. మూడోసారి పంపినావిడకి విడిగా ఫోన్ చేసి చెప్పాను. "నాకేం తెలుసమ్మా, ఎవరో పంపితే పంపాను" అంది. పోయిన వారం అందులో చెప్పిన ఫాక్స్‌గ్లవ్ అనే విషపు పూలమొక్క కషాయం మా వంటింటి పొయ్యి దాకా వచ్చింది. ఇక ఊరుకోలేను.

వసంతం రాగానే ఇంగ్లండ్‌లో మనవాళ్ళ ఇళ్ళకి అమ్మానాన్నలు, అత్తమామలు ఆరునెలలు ఉండిపోదామని వస్తారు. పిల్లలు ఆఫీసులకు వెళ్ళాక వాళ్ళకి మిగిలేవి ఫోనూ, పెరడూ. ఈ మెసేజ్ ఆ రెంటినీ కలిపింది.

చిన్నవి ముందు తేల్చేస్తాను. మాగ్‌పై అనే నలుపు తెలుపుల పిట్ట ఒంటిగా కనిపిస్తే కీడట. ఏప్రిల్‌లో ఆడది గూట్లో గుడ్ల మీద ఉంటుంది, మగది తిండి కోసం ఒంటరిగా తిరుగుతుంది. అంతే సంగతి. హంసలన్నీ రాజుగారివేనట. కాదు. గుర్తు వేయని మ్యూట్ స్వాన్ జాతి హంసల మీద ఆయనకి హక్కుంది, దాన్ని థేమ్స్ నది మీద కొంత మేరకే వాడతారు, ఏటా జులైలో పడవల మీద వెళ్ళి లెక్కపెడతారు. ఎర్ర పాపీ పూలు వాసన చూస్తే మత్తట. పొలాల్లో పూసే పాపీ వేరు, నల్లమందు తీసే పాపీ వేరు.

"రాబిన్ పిట్ట మీ పెరట్లోకి వస్తే పోయినవాళ్ళు చూడ్డానికి వచ్చినట్టే" అన్నదాన్ని మాత్రం నేను ఖండించను. పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూసిన ఇంట్లో పుట్టినదాన్ని. మట్టి తవ్వుతుంటే రాబిన్ దగ్గరికొచ్చేది వానపాముల కోసమని తెలుసు. తెలిసినా, నాన్న పోయిన ఏడాది చలికాలంలో నేను పక్కన గుచ్చిన పార పిడి మీద వాలి అది నావైపు చూస్తే, పని మరిచి చాలాసేపు అలాగే నిలబడిపోయాను. ఆ నమ్మకం ఎవరికీ చెడు చెయ్యదు.

అడవిలో నీలంగా పూసే బ్లూబెల్స్ సంగతి అలా కాదు. "బ్లూబెల్ తోట మధ్యలో నిలబడి కోరుకుంటే దేవకన్యలు తీరుస్తారు, రెండు దుంపలు తవ్వి తెచ్చి పెరట్లో పెడితే ఇంట్లో లక్ష్మి" అని రాశారు. అసలు ఇక్కడి పల్లెల్లో చెప్పుకున్న కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం. బ్లూబెల్ గంట మోగితే మెసేజ్ దేవకన్యలన్న ఆ అడవి శక్తులు గుమిగూడతాయి, ఆ మోత విన్న మనిషి బతకడు, కాబట్టి ఆ పూల మధ్యకి పోవద్దు అన్నారు. కథ అడ్డుకుంది, మెసేజ్ రమ్మంటోంది. ఆ పువ్వు ఆకు ఒకసారి కాలికింద నలిగితే మళ్ళీ లేవదు. ఆకు లేకపోతే దుంపకి తిండి లేదు. గింజ నుంచి పువ్వు రావడానికే ఐదేళ్ళు పడుతుంది. ప్రపంచంలో ఉన్న బ్లూబెల్స్‌లో దాదాపు సగం బ్రిటన్‌లోనే ఉన్నాయి. స్థలం సొంతదారు ఒప్పుకోకుండా ఏ అడవి మొక్కనైనా వేళ్ళతో సహా పీకడం 1981 చట్టం ప్రకారం నేరం. అడవి బ్లూబెల్ దుంపలు అమ్మడాన్ని 1998లో నిషేధించారు. ఫొటో కోసం పిల్లని తీసుకెళ్ళి ఆ నీలం మధ్యలో కూర్చోబెట్టే వాళ్ళందరినీ అడుగుతున్నాను, బాట మీద నిలబడి తీస్తే ఫొటోలో నీలం తగ్గుతుందా?

ఇప్పుడు అసలు అంశం. ఇది రాయడానికే కూర్చున్నాను.

"ఫాక్స్‌గ్లవ్ ఆకులు నాలుగు మరిగించి పరగడుపున తాగితే గుండె బలపడుతుంది. డాక్టర్ విదరింగ్ ఈ రహస్యం ఒక పల్లెటూరి ముసలమ్మ దగ్గర నేర్చుకున్నాడు. ఆ ఆకు నుంచే మాత్రలు చేసి మనకు అమ్ముతున్నారు."

సగం నిజం కాబట్టే దీనికి ఇంత బలం. విలియం విదరింగ్ నిజంగానే ఉన్నాడు, బర్మింగ్‌హామ్‌లో వైద్యుడు. ఒళ్ళంతా నీరు పట్టిన రోగులకి ష్రాప్‌షైర్‌లో ఒక ముసలమ్మ ఇచ్చే మందు గురించి 1775లో ఆయన్ని అడిగారు. అందులో ఇరవై దాకా మూలికలున్నాయి, పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ ఒక్కటే అని ఆయన పట్టుకున్నాడు. ఇక్కడిదాకా మెసేజ్ చెప్పింది. తర్వాతి పదేళ్ళూ ఆయన చేసిందేమిటో చెప్పలేదు. ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఆపాలి అన్నదాంతోనే కుస్తీ పట్టాడు. 1785లో వేసిన పుస్తకంలో మోతాదు మించితే ఏమవుతుందో వరసగా రాశాడు: వాంతులు, విరేచనాలు, కళ్ళకి అన్నీ ఆకుపచ్చగానో పసుపుగానో కనిపించడం, నాడి నిమిషానికి 35కి పడిపోవడం, చల్లటి చెమటలు, మూర్ఛ, చావు. మీరు పంపుతున్న మెసేజ్‌లో సాక్ష్యానికి పిలిచిన మనిషే ఈ మాట రాశాడు.

ఇక మాత్ర. ఫాక్స్‌గ్లవ్ జాతి ఆకు నుంచి తీసే గుండె మందు డిగాక్సిన్. మామూలుగా ఇచ్చే ఒక మాత్రలో ఆ మందు 125 మైక్రోగ్రాములు. గ్రాముని ఎనిమిది వేల భాగాలు చేస్తే అందులో ఒక భాగం. అంత కొలిచి ఇచ్చి కూడా మూత్రపిండాలు ఎలా ఉన్నాయి, రక్తంలో పొటాషియం ఎంతుంది అని పరీక్షలు చేయిస్తారు, ఎందుకంటే మేలు చేసే మోతాదుకీ చంపే మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువ. ఆకులో ఎంతుందో ఎవరికి తెలుసు? మొక్క మొక్కకీ మారుతుంది, వయసుని బట్టి మారుతుంది. మరిగిస్తే పోదు, ఎండబెట్టినా పోదు. పైగా పెద్దవాళ్ళలో చాలామంది కాళ్ళవాపుకి నీళ్ళ మాత్ర వేసుకుంటారు, వాటిలో చాలావరకు పొటాషియం తగ్గించి ఈ విషం దెబ్బని ఇంకా పెంచుతాయి. "నాలుగు ఆకులు" అని రాసినవాడు ఏ తక్కెడలో తూచాడు?

పోయిన మంగళవారం నేను ఇంటికొచ్చేసరికి సింకు పక్కన చిల్లుల గిన్నెలో కడిగిన ఆకులున్నాయి. ఒకటి తీసి చూశాను. పైన ముడతలు, అంచున చిన్న చిన్న పళ్ళు, కిందివైపు తెల్లటి నూగు, కుక్కపిల్ల చెవిలా మెత్తగా. ఫాక్స్‌గ్లవ్ మొదటి ఏడాది పువ్వు పుయ్యదు, నేలకి అంటుకుని ఆకులే వేస్తుంది. పెరట్లో కంచె పక్కన ఉన్నది అదే. అత్తయ్యగారు పొయ్యి మీద నీళ్ళు పెడుతున్నారు. ఆవిడ మాత్రల డబ్బాలో ఇదివరకే డిగాక్సిన్ ఉంది.

నాకు నోట మాట రాలేదు ముందు. తర్వాత ఒక్క మాటే అన్నాను. "అత్తయ్యా, ఇది గన్నేరు."

ఆవిడ చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు. ఇంకేం వివరించక్కర్లేకపోయింది. గన్నేరుపప్పు అంటే ఏమిటో మన ఊళ్ళల్లో తెలియని పెద్దవాళ్ళు లేరు. పచ్చగన్నేరు గింజలోని విషం, ఫాక్స్‌గ్లవ్ ఆకులోని విషం ఒకే కుటుంబానివి, గుండెని ఒకే తీరున ఆపుతాయి. ఇక్కడి జనానికీ ఈ సంగతి తెలుసు. ఆ పువ్వుకి చచ్చినవాడి గంటలు అనీ, మంత్రగత్తె చేతితొడుగులు అనీ పేర్లు పెట్టుకున్నారు. పేరులోనే హెచ్చరిక పెట్టి వెళ్ళిన వాళ్ళ మాట తీసేసి, కషాయం మిగిల్చారు మెసేజ్ రాసినవాళ్ళు.

ఇప్పటికే ఎవరైనా తాగి ఉంటే వాంతి అయ్యేదాకా చూడకండి. ఇక్కడి ఎమర్జెన్సీ నంబరు 999కి ఫోన్ చెయ్యండి, ఒక ఆకు కవర్లో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళండి. విరుగుడు మందు ఉంది, టైముకి వెళ్ళాలి.

హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ళ జంతువుకి రాత్రిపూట పాలూ బ్రెడ్డూ పెట్టమన్నారు, పుణ్యమట. దానికి పాలు అరగవు, విరేచనాలు పట్టుకుంటాయి. ఈ పాల గొడవ పాతదే. మన దగ్గర జెర్రిపోతు ఆవు పొదుగులో పాలు తాగుతుందని కొట్టి చంపినట్టే, ఇక్కడ హెడ్జ్‌హాగ్ తాగుతుందన్నారు. 1566 నాటి చట్టం దాని తలకి రెండు పెన్నీలు వెల కట్టింది. అంత వేటాడినా మిగిలిన ప్రాణి 2020లో, అంతరించే ప్రమాదమున్న బ్రిటన్ క్షీరదాల ఎర్రజాబితాలోకి ఎక్కింది. లోతు లేని పళ్ళెంలో మంచినీళ్ళు పెట్టండి, చాలు.

చివరిది హాథార్న్, కంచెల్లో పెరిగే ముళ్ళచెట్టు. "దాని పువ్వు ఇంట్లోకి వస్తే చావు వస్తుంది, మీ కంచెలో ఉంటే కొట్టించెయ్యండి" అని ఉంది. ఇది మూఢనమ్మకమని రెండు ముక్కల్లో తేల్చేద్దామనుకున్నాను. తేల్చలేను. మొదటి సగం ఎందుకు పుట్టిందో చెప్పే కారణం ఒకటుంది. ఆ పువ్వులో ట్రైమిథైలమీన్ అనే రసాయనం ఉంటుంది. శవం కుళ్ళేటప్పుడు పుట్టేవాటిలో అదీ ఒకటి. శవాన్ని రోజుల తరబడి ఇంట్లోనే ఉంచుకున్న కాలంలో ఆ వాసన దేనిదో ప్రతి ఇంటికీ తెలుసు. వాళ్ళ ముక్కు అబద్ధం చెప్పలేదు. కొట్టెయ్యమన్నది మాత్రం నేను విన్న ఏ పాత కథలోనూ లేదు. ఒంటిగా నిలిచిన హాథార్న్ మీద గొడ్డలి వేస్తే కీడని భయపడ్డారు. ఈ నెలలో ఆ ముళ్ళ మధ్య పిట్టల గూళ్ళున్నాయి, చలికాలం రెడ్‌వింగ్ పిట్టలు దాని ఎర్రపళ్ళు తింటాయి.

నిన్న సాయంత్రం అత్తయ్యగారిని వీధి చివరి కంచె దాకా తీసుకెళ్ళాను. కొమ్మంతా తెల్లగా విరగబూసి ఉంది. ఆవిడ అలవాటుగా ఒక రెబ్బ వంచి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఏంటమ్మాయ్, చేపల బజారులా ఉంది!" అని వదిలేశారు. కొమ్మ పైకి లేచింది, కాసిని రేకులు ఆవిడ స్వెట్టర్ మీద రాలాయి.