గ్యాస్ అయిపోయింది సార్!

ఏసీ మెకానిక్కులకున్న దివ్యదృష్టి మీద ఇంతవరకూ ఎవరూ పరిశోధన చెయ్యకపోవడం శాస్త్రలోకానికి తీరని లోటు. మనిషి ఇంకా గుమ్మం దాటి లోపలికి రాడు, ఏసీ ఏ గోడకుందో అడగడు, తీర్పు మాత్రం వచ్చేస్తుంది: "గ్యాస్ అయిపోయింది సార్." చల్లగాలి రాకపోయినా గ్యాసే. నీళ్లు కారినా గ్యాసే. చప్పుడొచ్చినా గ్యాసే. చలికాలంలో అదే మెషిన్ని హీట్‌లో పెట్టి, వెచ్చగా రావట్లేదని పిలిస్తే అప్పుడూ గ్యాసే. రిమోట్‌లో బ్యాటరీలు అయిపోయినా గ్యాసే అన్నవాడు ఎక్కడో ఒకడుంటాడని నా గట్టి నమ్మకం.

తరవాత జరిగే తంతు మీరూ చూసే ఉంటారు. ఆయన ఏసీ కింద నిలబడి, అరచెయ్యి చాపి, కళ్లు మూసుకుంటాడు. ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి చూస్తుంటారు. "ప్రెషర్ లేదు" అంటాడు. మొహాన కొట్టే గాలిని తాకితే, మూసేసిన రాగి గొట్టాల లోపలి ఒత్తిడి ఎలా తెలిసిందని అడిగే ధైర్యం ఎవరికీ ఉండదు. ఇంటి పెద్దాయన మాత్రం కాస్త నసుగుతాడు.

"పోయినేడే కదయ్యా నింపావు?"

"అది పోయినేటి గ్యాస్ సార్."

"మరి అదంతా ఎటు పోయినట్టు?"

"ఎండలు ముదిరాయి కదా సార్. మెషిన్ ఎక్కువ తాగుతోంది."

తాగుతోందట! పెద్దాయన దానికీ తలూపుతాడు. సిలిండర్ వస్తుంది, రంగురంగుల ట్యూబులున్న మీటర్ వస్తుంది. "చూడండి సార్, ముల్లు ఎలా లేస్తోందో!" ముల్లు ఎక్కడుండాలో, ఇప్పుడెక్కడుందో తెలియని నలుగురూ కలిసి ముల్లు లేచినందుకు సంతోషిస్తారు. ఇక అసలు ఘట్టం. అంతా అయ్యాక, పోయేముందు, "మీకు సర్వీస్ ఫ్రీగా చేసేస్తా" అంటూ ఏసీ ముందు మూత ఎత్తి ఫిల్టర్లు బయటికి లాగుతాడు. వాటి మీద దుమ్ము బొంతలా పేరుకుని ఉంటుంది. కుళాయి కింద పెట్టి కడిగి, దులిపి, మళ్లీ తగిలిస్తాడు. గది చల్లబడుతుంది. డబ్బులు గ్యాసుకి, పని చేసింది ఫిల్టరు.

ఏసీలోని గ్యాస్ ఇంధనం కాదు మహాప్రభో, ఖర్చైపోవడానికి. గదిలో వేడిని పీల్చుకుని ఆవిరవుతుంది. కంప్రెసర్ దాన్ని నొక్కిపెట్టి బయటి యూనిట్‌కి తోస్తుంది. అక్కడ వేడి వదిలేసి, ద్రవంగా మారి, తిరిగొస్తుంది. అదే గ్యాస్, అదే దారి, ఏళ్ల తరబడి. మీ వంటింట్లో ఫ్రిజ్ చేసేదీ ఇదే పని. ఏటేటా ఫ్రిజ్‌లో గ్యాస్ నింపించుకునే మనిషిని ఒక్కణ్ణి చూపించండి, దండ వేస్తాను. గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. లీకు మూయకుండా నింపడమంటే వచ్చే ఏడాది పిలుపుకి ఇప్పుడే అడ్వాన్స్ బుకింగ్ చేసుకోవడం.

ఇంట్లోవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? రిమోట్ మీద ఎవరో కూర్చుంటారు. మంచు బిళ్ల గుర్తు పోయి ఫ్యాన్ గుర్తు వస్తుంది. ఫ్యాన్ మోడ్‌లో కంప్రెసర్ అసలు తిరగదు, ఏసీ తెల్లార్లూ గదిలో గాలినే గదిలోకి ఊదుతుంది. ఆ గుర్తు వంక చూసేవాడు ఒక్కడూ ఉండడు. ఒకరి తరవాత ఒకరు వచ్చి 16కి దించి పోతారు. మామూలు కంప్రెసర్‌కి వేగం ఒక్కటే. 24 పెట్టినా, 16 పెట్టినా అదే చల్లదనం. 16 పెడితే ఎక్కువసేపు తిరుగుతుందంతే. ఇంకొకాయన నీటిబొట్టు గుర్తున్న డ్రై మోడ్‌లో పెట్టేసి చలి వెయ్యట్లేదంటాడు. అది తేమ లాగడానికండీ. 1902లో అమెరికా ఇంజినీరు విలిస్ క్యారియర్ న్యూయార్క్ బ్రూక్లిన్‌లోని ఓ అచ్చు ప్రెస్సు కోసం తొలి ఏసీని డిజైన్ చేసిందే తేమ సంగతి చూడటానికి. అక్కడ తేమకి కాగితం సాగి రంగులు పక్కకి జరిగిపోతున్నాయట. మన చెమట గురించి ఆయన అనుకోనే లేదు. కరెంటు పోయి వచ్చాక కంప్రెసర్ తనని తాను కాపాడుకోడానికి సుమారు 3 నిమిషాలు ఆగుతుంది. ఆ 3 నిమిషాల్లో దానికి మరణ ధ్రువీకరణ జరిగిపోయి, మెకానిక్‌కి ఫోన్ వెళ్లిపోతుంది.

రోజూ వాడే ఏసీకి రెండు వారాలకోసారైనా ఫిల్టర్ కడిగి, నీడన ఆరబెట్టాలి. ఇదేం బ్రహ్మవిద్య కాదు. లోపలి కాయిల్ మీద మంచు గడితే ఇంట్లో పండగ చేసుకుంటారు, బాగా చల్లబడుతోందని. ఫిల్టర్ మూసుకుపోయి గాలి ఆడకపోతేనే చాలాసార్లు అలా మంచు పడుతుంది. ఆ మంచు మిగిలిన గాలికీ అడ్డం పడుతుంది. కూలింగ్ ఆపి, ఒట్టి ఫ్యాన్ తిప్పితే కరుగుతుంది. శుభ్రమైన ఫిల్టర్‌తో కూడా మళ్లీ మంచు కట్టిందా, అప్పుడు గ్యాస్‌ని అనుమానించండి, నేనూ మీతో వస్తాను. లోపల నీళ్లు కారుతుంటే డ్రెయిన్ పైపులో పాచి చూడండి. ఇక హీట్‌లో పెట్టినప్పుడు బయటి యూనిట్ మీద మంచు పడుతుంది, దాన్ని కరిగించుకోవడానికి మెషిన్ కాసేపు వెచ్చగాలి ఆపేస్తుంది. బయట ఆవిరి లేస్తుంది. దాన్ని పొగనుకుని బకెట్లు మోసుకెళ్లకండి.

ఇంతవరకూ నవ్వుకున్నాం. ఇక్కడ మాత్రం నాకు నవ్వు రావట్లేదు. ఆ బయటి యూనిట్ ఎక్కడుంటుంది? కిటికీ అవతల, గోడకి బిగించిన రెండు ఇనుప బ్రాకెట్ల మీద. మెకానిక్‌తో పాటు వచ్చిన కుర్రాడు, ఇంకా మీసం కూడా సరిగా రానివాడు, తాడు లేకుండా, బెల్టు లేకుండా సన్‌షేడ్ మీదికి దిగుతాడు. ఒక చేత్తో కిటికీ ఊచ పట్టుకుని, రెండో చేత్తో స్పానర్ తిప్పుతాడు. కింద మూడంతస్తులు. ఎందుకు దిగాడు? కుళాయి కింద కడిగితే పోయే దుమ్ముకి! తన చేతులతో జాలీ లాగి కడుక్కోవడానికి బద్ధకించిన ఇంటాయన, అబద్ధం చెప్పి బిల్లు పెంచుకునే మెకానిక్, ఇద్దరూ లోపల ఫ్యాన్ కింద నిలబడి "జాగ్రత్తరా" అంటారు. సిగ్గుండాలి. వాడి కాలు జారితే మీటర్‌లో ఏ ముల్లు లేస్తుంది?

పాత గ్యాస్‌ని గాల్లోకి బుస్సుమని వదిలెయ్యడం ఇంకో ఘనకార్యం. ఏసీల్లో పోసే ఆర్-410ఏ అనే గ్యాస్ కిలో వదిలితే 2 టన్నులకి పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినంత పాపం. ఆర్-32 అనే ఇంకో రకం కొంత నయం, కానీ దానికి నిప్పంటుకునే గుణముంది. ఆ పక్కనే బీడీ వెలిగించినవాణ్ణి నేను చూశాను.

అన్నీ చూశాకా చల్లబడలేదా, అప్పుడు పిలవండి. ఏసీకి కరెంటు తెంచే ఎంసీబీ స్విచ్ పడిపోతే ఒక్కసారి లేపండి, మళ్లీ పడితే ముట్టుకోవద్దు. బయటి యూనిట్ మూత విప్పొద్దు, కరెంటు తీసేసినా కెపాసిటర్‌లో షాక్ మిగిలే ఉంటుంది. గ్యాస్ మండించే హీటరున్న గదిలో తలనొప్పి, మత్తు మొదలైతే ఆలోచించొద్దు, అందర్నీ తీసుకుని బయటికి నడవండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు.

వచ్చినాయన అరచెయ్యి చాపి కళ్లు మూసుకోగానే మర్యాదగా అడగండి: లీకు ఎక్కడుంది? నైట్రోజన్ పట్టించి సబ్బు నురగతో చూస్తారా? నింపేముందు గొట్టాల్లో గాలి లాగేసే వాక్యూమ్ పంప్ పెడతారా? యూనిట్ లేబుల్ మీద రాసిన గ్రాముల ప్రకారం తూచి పోస్తారా? కళ్లు తెరుస్తాడు. "సార్, మీరు ఇంజినీరా?" అంటాడు.

"కాదు, ఫిల్టర్ కడిగినవాణ్ణి" అనండి.