వీధికుక్కకి ఇంటర్వ్యూ ఏంటండీ అనేవాళ్లకి

విశాఖ సీతమ్మధారలో ఉండే మా పిన్ని కొడుకు మొన్న ఫోన్ చేసి అరగంట తిట్టాడు. నన్ను కాదు, కుక్కల్ని కాపాడే ఒక రెస్క్యూ గ్రూపు వాళ్లని. గోపాలపట్నం దగ్గర కాలువలో దొరికిన కుక్కపిల్ల ఫొటో చూసి పిల్లలు ముచ్చటపడితే, మేం పెంచుకుంటామని మెసేజ్ పెట్టాడట. వాళ్లు రెండు పేజీల ఫారం పంపారు. ఇల్లు సొంతమా, అద్దెదా? అద్దెదైతే ఓనర్ ఒప్పుకున్నట్టు కాగితం ఉందా? మధ్యాహ్నం పూట ఇంట్లో ఎవరుంటారు? ఇంట్లో అందరికీ ఇష్టమేనా? సంక్రాంతికి ఊరెళ్తే కుక్కని ఎవరు చూస్తారు? బదిలీ అయితే ఏం చేస్తారు? ఇంతకుముందు కుక్కని పెంచి ఉంటే అదిప్పుడు ఎక్కడుంది? ఇవన్నీ చాలక, ఒకరోజు ఇంటికొచ్చి చూస్తామన్నారట. "ఊరకుక్కకి ఇంత సీనేంటన్నయ్యా? మా వీధిలో అడిగితే నాలుగు పిల్లల్ని ఊరికే ఇస్తారు" అన్నాడు.

నిజమే, ఇస్తారు. ఊరికే వచ్చినవి ఊరికే పోతాయి కూడా. ఈ రెండో ముక్క నేను చెప్పేలోపు వాడు ఫోన్ పెట్టేశాడు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

వీధికుక్కల మీద 2025లో సుప్రీంకోర్టులో నడిచినదంతా పాఠకులకు తెలిసిందే. ఆగస్టు 11న ఢిల్లీలో, చుట్టుపక్కల ఉన్న వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమన్నారు. 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సడలించి, రేబిస్ ఉన్నవీ మీదపడి కరిచేవీ తప్ప మిగతావాటిని పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, టీకా అయ్యాక ఎక్కడివక్కడే వదలమంది. నవంబరు 7న బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో ఉన్నవాటిని తీసేసి మళ్లీ అక్కడ వదలొద్దంది. టీవీల్లో ఇంకా ఆ కొట్లాటే. నేను అందులో దిగను. కానీ ఆగస్టు 22 ఉత్తర్వులో పెద్దగా ఎవరూ మాట్లాడని ముక్క ఒకటుంది. కుక్కని పెంచుకోవాలనుకునేవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు చేసుకోవచ్చు, ఇచ్చిన కుక్కకి గుర్తు వెయ్యాలి, అది తిరిగి వీధిలోకి రాకుండా చూసుకునే బాధ్యత తీసుకున్నవాళ్లదే. నా లెక్కలో మొత్తం ఉత్తర్వులో బరువైన మాట అదే. మా తమ్ముడికి కోపం తెప్పించిన ఫారం కూడా ఆ మాటే అడుగుతోంది, కాస్త వివరంగా.

ఊరికే ఇచ్చే పిల్లల కథ ఏటా ఒకే క్యాలెండర్ ప్రకారం నడుస్తుంది. చిత్తకార్తె కుక్క అని మనవాళ్లు తిట్టడానికి వాడతారు గానీ అందులో లెక్కుంది. కుక్కలు జతకట్టే ఆ కార్తె అక్టోబరులో వస్తుంది. కుక్క చూలు అటూఇటూగా 63 రోజులు. అంటే డిసెంబరు కల్లా అక్కయ్యపాలెం నుంచి ఆరిలోవ దాకా ఏ సందులో చూసినా ఒక తల్లి, ఆగి ఉన్న ఆటో కిందో ఇసుక కుప్ప పక్కనో నాలుగైదు పిల్లలు. సంక్రాంతి సెలవులకి అవి బంతుల్లా దొర్లుతుంటాయి. పిల్లలు ఏడ్చి ఒకదాన్ని ఇంటికి తెచ్చుకుంటారు. అదీ మగదే. "ఆడది వద్దు, మళ్లీ పిల్లల్ని పెడుతుంది" అని ఆడవాటిని అక్కడే వదిలేస్తారు (కుక్కల్లో కూడా!). వేసవి వచ్చేసరికి ఆ బంతికి గట్టి పళ్లొస్తాయి. చెప్పులు పోతాయి, ఛార్జర్లు పోతాయి, సోఫా మూల పోతుంది. జూన్‌లో బడులు తెరిచేనాటికి అది గేటు బయట ఉంటుంది. వీధిలో బతకడం నేర్చుకోవాల్సిన ఆరు నెలలూ ఇంట్లో పెట్టి, ఏమీ రాని దాన్ని మళ్లీ అదే వీధిలోకి తోస్తున్నాం. అక్కడున్న పాత కుక్కలు దాన్ని రానిస్తాయా? తరిమి తరిమి రోడ్డు మీదికి నెడతాయి. తర్వాత జరిగేది జాతీయ రహదారి పక్కన మీరూ చూసే ఉంటారు.

రెస్క్యూ వాళ్లు ఆ క్యాలెండర్‌కి అడ్డం పడుతున్నారు. ఊరికే తెచ్చుకున్న పిల్లకి, కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో వైరస్ సోకి ఉందో లేదో మీకు తెలియదు. ఆ వైరస్ ఒకసారి ఇంట్లోకి వస్తే నేలకీ గోడలకీ పట్టుకుని నెలల తరబడి ఉంటుంది, తర్వాత తెచ్చే పిల్లకీ అంటుకుంటుంది. గ్రూపుల దగ్గర పిల్లని కొన్నాళ్లు విడిగా ఉంచి, నులిపురుగుల మందు తాగించి, టీకాలు మొదలుపెట్టి, కార్డు చేతికిస్తారు. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా, ఆపైన ఏటా బూస్టర్. వయసొచ్చాక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తామని మీ చేత సంతకం పెట్టించుకుంటారు. పెద్ద కుక్కయితే ఆపరేషన్ అయ్యాకే ఇస్తారు. చెవి కొస కత్తిరించి ఉంటే ఆ ఆపరేషన్ అయిపోయినట్టే. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ఇంట్లో చిన్నపిల్లలున్నవాళ్లు ఈ కార్డు కోసమైనా ఫారం నింపాలి కదా? ఊరిలో ఇదేమీ కొత్త సంగతి కాదు. వీఎస్‌పీసీఏ అని అందరూ పిలిచే విశాఖ జంతు సంరక్షణ సంఘం 1996 నుంచీ ఉంది. ఆ తర్వాత పుట్టిన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు చేసుకుంటూ, జీతంలోంచి డాక్టరు బిల్లులు కట్టుకుంటూ చిన్న చిన్న గ్రూపులు నడుపుతున్నారు.

అంత తలనొప్పి ఎందుకు, డబ్బులు పడేస్తే జాతి కుక్కే వస్తుంది కదా అంటారు. వస్తుంది. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని, పెంచి అమ్మేవాళ్లు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలని 2017 నుంచీ నియమాలున్నాయి. మీరు కొన్నప్పుడు ఆ నమోదు కాగితం అడిగారా? మంచు దేశాల్లో బండ్లు లాగే హస్కీని తెచ్చి, మే నెలలో ఒళ్లంతా జిగటగా ఉండే విశాఖలో ఏసీ గదిలో కట్టేసి, కరెంటు పోతే విసనకర్రతో విసిరేవాళ్లని నేను చూశాను. ముక్కు అణిగిపోయిన పగ్‌కి మామూలుగానే ఊపిరాడదు, ఇక్కడి ఉక్కపోతలో ఇంకా కష్టం. మన నాటు కుక్కకి ఈ గాలీ ఈ ఎండా అలవాటే. ధర్మరాజు వెంట కుక్క వస్తే ఇంద్రుడు రథం ఎక్కనివ్వనన్నాడు గానీ, అది ఏ జాతి అని ఆయన కూడా అడగలేదు. మనం మొదట అదే అడుగుతాం. పెళ్లిసంబంధాల అలవాటు కాబోలు.

పెళ్లిసంబంధాలంటే గుర్తొచ్చింది. పిల్లనిచ్చే ముందు మనం చేసే ఎంక్వైరీ సామాన్యమైందా? అబ్బాయి పనిచేసే ఆఫీసులో ఎవరో ఒకరిని పట్టుకుంటాం, వాళ్ల వీధిలో కిరాణా కొట్టాయన్ని అడుగుతాం, గాజువాకలో ఫ్లాట్ ఉందంటే దాని మీద లోనెంత అని ఆరా తీస్తాం. అడగకపోతే తప్పంటారు. అదే కుక్క విషయంలో అడిగితే పొగరంటారు. నన్నడిగితే మన ఎంక్వైరీ కన్నా వాళ్ల ఫారమే నయం. జీతమెంతో మనం అడుగుతాం. మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారని వాళ్లు అడుగుతారు. ఆస్తి లెక్క మనం తీస్తాం. ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారని వాళ్లు అడుగుతారు. మన అమ్మాయిల పెళ్లిచూపుల్లో ఈ రెండు ప్రశ్నలు అడిగినవాళ్లని ఒక్కరినైనా చూపించండి.

నన్నూ ఒకసారి కాదన్నారు. అప్పట్లో మేం మురళీనగర్‌లో మేడ మీద అద్దెకుండేవాళ్లం, ఇద్దరికీ ఉద్యోగాలు. ఫారంలో అన్నిటికీ ధాటిగా జవాబులు రాశాను. ఇల్లు చూడటానికి వచ్చిన అమ్మాయికి ఇరవయ్యేళ్లుంటాయేమో. బాల్కనీ గ్రిల్ సందులు బెత్తెడు దాటాయేమోనని చేత్తో కొలిచింది. తర్వాత మా ఆవిడని ఒక్క మాట అడిగింది: "మీకు ఇష్టమేనా అండీ?" మా ఆవిడ జవాబు చెప్పకుండా నా మొహం చూసింది. ఆ అమ్మాయి కాఫీ తాగి, సారీ సార్ అని వెళ్లిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. వారం రోజులు ఆ గ్రూపుని దొరికినవాళ్లందరి దగ్గరా తిట్టాను, అచ్చం మా తమ్ముడిలాగే. ఏడాదిన్నర తర్వాత ఫిషింగ్ హార్బర్ దగ్గర కాలు విరిగి దొరికిన నల్ల కుక్క కోసం వాళ్లకి ఫోన్ చేసింది మా ఆవిడే. కర్రి అని పేరు పెట్టింది కూడా తనే. మూడు రోజులు భయం, మూడు వారాలు అలవాటు, మూడు నెలలకి ఇల్లు అని రెస్క్యూ వాళ్లు ఒక లెక్క చెబుతారు. కర్రి మొదటి మూడు రోజులూ గ్యాస్ బండ వెనక నుంచి కదల్లేదు, పెరుగన్నం ముట్టలేదు. చాలామంది వెనక్కిచ్చేసేది ఆ మూడు రోజుల్లోనే. అడిగితే ఒకటే మాట: అచ్చిరాలేదు. కుక్క ఇంటికొచ్చిన వారంలో బండికి పంక్చరైనా, అత్తగారికి జ్వరమొచ్చినా అచ్చిరాలేదంటే సరి, ఇంక ఎవరూ ఎదురు మాట్లాడరు. వెనక్కొచ్చిన కుక్క మాత్రం వెళ్లినప్పటిలా రాదు.

రెస్క్యూ గ్రూపుల్లో అతి చేసేవాళ్లు లేరని కాదు. అద్దె ఇల్లనగానే మొహం మీదే వద్దనేవాళ్లున్నారు, పోలీస్ స్టేషన్‌లో అడిగినట్టు అడిగేవాళ్లున్నారు. షెల్టర్లు నిండిపోతుంటే మంచి ఇళ్లని తరిమేస్తున్నారన్న మాటలో కొంత నిజముంది. అద్దె ఇంట్లో కుక్క బతకలేదా? భేషుగ్గా బతుకుతుంది. కానీ అచ్చిరాలేదన్నవి పోను, తిరిగొచ్చిన కుక్కల గురించి నేను విన్న కథల్లో సగం ఓనర్ ఒప్పుకోలేదనే, మిగతా సగం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ గొడవే. పెంపుడు కుక్కలు వద్దని తీర్మానం చేసే అధికారం అసోసియేషన్లకి లేదని కేంద్ర జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు ఎప్పుడో చెప్పాయి. ఆ కాగితం సెక్రటరీ గారి చేతిలో పెట్టి నిలబడే ఓపిక మీకుందా అన్నదే వాళ్లకి కావాలి. అది ఫారంలో తెలియదు. అందుకే ఇంటికొస్తారు.

అసలు నన్ను తొలిచేది వేరే. విశాఖలో ఒక రకం ఇళ్లున్నాయి. ఎంవీపీ కాలనీ, లాసన్స్ బే కాలనీ వైపు సాయంత్రం నడిస్తే కనిపిస్తాయి. పిల్లలు డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటారు, ఇక్కడ ఇద్దరు పెద్దవాళ్లుంటారు, గేటు మీద 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని బోర్డు. సెలవులకొచ్చిన కొడుకు "తోడుగా ఉంటుంది నాన్నా" అని ఒక లాబ్రడార్ పిల్లని కొనిచ్చి ఫ్లైటెక్కుతాడు. ఏడాది తిరిగేసరికి అది ముప్పై కిలోలుంటుంది. డెబ్బై ఏళ్లాయన్ని గొలుసుతో సహా బీచ్ రోడ్డు మీద లాక్కెళుతుంది. ఇంతలో కోడలి పురుడు, ఆరు నెలలు అమెరికా ప్రయాణం. కుక్కని వాచ్‌మన్‌కి అప్పగిస్తారు, వాచ్‌మన్ తన బావమరిదికి అప్పగిస్తాడు, బావమరిది పెందుర్తి అవతల ఎక్కడో...

అప్పగించడంలో మనల్ని మించినవాళ్లు లేరు. సింహాద్రి అప్పన్నకి మొక్కుకున్న కోడెదూడని కొండకి తోలుకెళ్లి అప్పగిస్తాం, పాలు మరిచిందో లేదో కూడా చూడకుండా. దండం పెట్టుకుని దిగొచ్చాక అది ఏం తింటోందని మళ్లీ వెళ్లి అడిగినవాళ్లెందరు? కుక్కని అమ్మానాన్నలకి అప్పగిస్తాం, అమ్మానాన్నల్ని కుక్కకి అప్పగిస్తాం. కావాలనుకుంటే దారి లేదా? నాలుగైదేళ్ల వయసున్న, నెమ్మదస్తురాలైన నాటు కుక్క ఏ గ్రూపు దగ్గరైనా ఉంటుంది. బాత్రూం అలవాటై ఉంటుంది, చెప్పులు కొరికే వయసు దాటి ఉంటుంది, పెద్దాయన వేగానికి తగ్గట్టు నడుస్తుంది. దాన్ని అడిగేవాళ్లే ఉండరు. కుక్కపిల్లే కావాలి, ఫొటోకి అదే బాగుంటుంది. కుక్క పన్నెండు, పద్నాలుగేళ్లు బతుకుతుంది కదా, అప్పటికి మీరెక్కడుంటారు అని రెస్క్యూ వాళ్లు అడిగితే ఆ కొడుక్కి కోపమొస్తుంది. కోపం రాక ఏమవుతుంది! అది కుక్క గురించి అడిగిన ప్రశ్నలా వినిపించదు.

అప్పగించాక కూడా అడగడం ఈ గ్రూపుల వాళ్లకే చెల్లింది. కర్రి మా ఇంటికొచ్చి తొమ్మిదేళ్లయింది, మూతి చుట్టూ నెరిసిపోయింది. బాల్కనీ కొలిచిన ఆ అమ్మాయి ఇప్పుడు బెంగళూరులో ఉంటోంది. అయినా ఏటా దీపావళికి ముందు రోజు మెసేజ్ వస్తుంది, సాయంత్రం తలుపులూ కిటికీలూ వేసుకోండి, మెడకి పట్టీ ఉంచండి, కర్రి ఫొటో ఒకటి పంపండి అని. మొదట్లో విసుక్కునేవాణ్ణి. ఇప్పుడు మెసేజ్ కాస్త ఆలస్యమైతే నేనే ఫోన్ చూసుకుంటుంటాను.

నిన్న రాత్రి మా తమ్ముడు మళ్లీ ఫోన్ చేశాడు. ఆ పిల్ల ఇంకా ఎవరికీ వెళ్లలేదట. వాడు ఫారం మొత్తం నింపాడట, సంక్రాంతి దగ్గర గడి ఒక్కటే ఖాళీగా ఉందట. "మేం ఊరెళ్లే నాలుగు రోజులూ కర్రితో పాటు మీ ఇంట్లో ఉంచుకుంటావా అన్నయ్యా, నీ పేరు రాసేస్తాను" అన్నాడు. ఆగు, మీ వదినని అడిగి చెప్తానన్నాను.