పంచాయతీ లెక్క ఊరికి ఎప్పుడు చెబుతారు?

2025 డిసెంబరులో తెలంగాణలో మూడు విడతల పంచాయతీ ఎన్నికలు ముగిశాయి, కొత్త సర్పంచులు ప్రమాణం చేశారు, అభినందనల ఫ్లెక్సీలు కూడా వెలిసిపోయాయి. అంతకుముందు 2024 ఫిబ్రవరి నుంచి దాదాపు రెండేళ్లు మన ఊళ్లను ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారులే నడిపారు. పాలకవర్గం గడువు ఐదేళ్లకు మించరాదనీ, ఆ గడువు తీరేలోపే ఎన్నిక పూర్తి కావాలనీ రాజ్యాంగంలోని 243ఈ అధికరణ చెబుతున్నా, ఆ ఆలస్యానికి బాధ్యులెవరో తేల్చిన వారు లేరు. ఎన్నికైన పాలకవర్గం లేదన్న కారణంతో కేంద్రం నుంచి వచ్చే 15వ ఆర్థిక సంఘం నిధులు ఆగిపోతే, దాని ఫలితాన్ని మాత్రం ఊళ్లే అనుభవించాయి. దేవరకొండ, అచ్చంపేట వైపు తండా పంచాయతీల్లో ట్రాక్టరుకు డీజిల్, బ్లీచింగ్ పౌడరు, కాలిపోయిన బోరు మోటారు రిపేరు వంటివన్నీ పంచాయతీ కార్యదర్శులు చేతి డబ్బులు పెట్టి నెట్టుకొచ్చారు. ప్రత్యేకాధికారికి సొంత శాఖ పనే తెమలదు; ఆయన ఊరికి వచ్చింది జెండా పండుగలకే అంటే పెద్దగా అతిశయోక్తి కాదు.

ఇప్పుడు సర్పంచులు వచ్చారు కనుక అన్నీ సర్దుకుంటాయని చాలామంది అంటున్నారు. నాకు ఆ నమ్మకం లేదు. మన పాలనలో జవాబుదారీతనం పూర్తిగా లేదనలేం, అయితే అది ఎప్పుడూ పైవైపే చూస్తుంది. కార్యదర్శి పొద్దున్నే మోరీల ఫొటోలు తీసి యాప్‌లో పెట్టాలి, మండల పంచాయతీ అధికారికి సంజాయిషీ ఇవ్వాలి, ఆయన డివిజన్ అధికారికి, ఆయన జిల్లా అధికారికి, చివరకు అందరూ కలెక్టరుకు చెప్పుకోవాలి. ఆ మోరీ పక్కనే ఇల్లున్న మనిషికి మాత్రం, అది ఎందుకు నిండిందో, పూడిక తీసినట్లు ఎంత బిల్లు రాశారో చెప్పే బాధ్యత ఆచరణలో ఎవరికీ లేదు.

2018 పంచాయతీరాజ్ చట్టం ఈ ధోరణిని ఇంకా గట్టిపరచింది. సర్పంచును సస్పెండ్ చేసే అధికారం కలెక్టరు చేతిలో పెట్టింది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకకపోతే పదవికే ఎసరు తెచ్చింది, చెక్కు మీద ఉపసర్పంచు సంతకం కూడా ఉండాలన్నది. ఇవన్నీ సర్పంచును అదుపులో పెట్టేవే. కానీ చేసిన పని కొలతల పుస్తకం (ఎంబీ) రాయాల్సిన ఇంజినీరు నెలల తరబడి రాయకపోతే, ట్రెజరీలో బిల్లు ఏడాది పాటు కదలకపోతే ఆ అధికారిని ఊరు ఏమీ అడిగే వీలు లేదు. పల్లె ప్రగతి కార్యక్రమం నడిచిన కాలంలో వైకుంఠధామాలు (శ్మశానవాటికలు), డంపింగ్ యార్డులు అప్పులు తెచ్చి కట్టించి, బిల్లులు రాక వడ్డీలు కడుతూ పదవి దిగిపోయిన సర్పంచులు మన ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ప్రతి మండలంలోనూ కనిపిస్తారు. వాళ్లలో అవినీతిపరులు లేరని నేను అనను. అయితే దొంగనూ నిజాయితీపరుణ్ణీ ఒకే గాటన కట్టేసే పద్ధతిలో నష్టపోయేది నిజాయితీపరుడే.

అదే చట్టం రెండు నెలలకోసారి గ్రామసభ జరపాలని కూడా చెప్పింది. అది ఎలా జరుగుతుందో మా ఊరి వాళ్లకు వివరించనక్కర లేదు. ముందురోజు రాత్రి వాట్సాప్‌లో ఒక సందేశం వస్తుంది, మరునాడు కూలీలంతా పత్తి చేలకు పోయాక పదకొండు గంటలకు పంచాయతీ ఆఫీసు ముందు నాలుగు కుర్చీలు వేస్తారు. వచ్చినవాళ్లు పింఛన్ల గురించీ, ఇందిరమ్మ ఇళ్ల జాబితా గురించీ గట్టిగా అడుగుతారు, అధికారులు రాసుకుంటారు. జమాఖర్చుల పుస్తకం బయటికి రాదు. సాయంత్రం పంచాయతీ గుమాస్తా అయిన కారోబార్ రిజిస్టరు చంకన పెట్టుకుని ఇంటింటికీ తిరిగి సంతకాలూ వేలిముద్రలూ తెచ్చుకుంటాడు, మరుసటి వారానికి ఆ సంతకాల పైన తీర్మానాలు ఉంటాయి. ఇంటి పన్ను ఎంత వసూలైందో, వీధి దీపాల కరెంటు బిల్లు ఎంత కట్టారో, ట్రాక్టరు ఎన్ని లీటర్లు తాగిందో ఊరందరి ముందు చదివి వినిపించిన సభను నేను ఇంతవరకు చూడలేదు. (సర్పంచులు సగం మంది మహిళలే అయినా చాలా ఊళ్లలో మైకు పట్టేది వాళ్ల భర్తలే. అది మరో పోస్టుకు సరిపడే విషయం.)

చదివి వినిపించడం అసాధ్యమేమీ కాదు, మన రాష్ట్రానికి అది కొత్త కూడా కాదు. ఉపాధి హామీ పనుల్లో సామాజిక తనిఖీని 2006లోనే ఉమ్మడి రాష్ట్రంలో మొదలుపెట్టి, దేశానికి నమూనాగా చూపించుకున్నాం. తనిఖీ బృందం ఊళ్లో మకాం వేసి, మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) పట్టుకుని గడప గడపకూ వెళ్లి, ‘ఈ వారం నువ్వు పనికి పోయినవా, ఎంత వచ్చింది?’ అని అడిగేది. కట్ట పొడవు, గుంత లోతు టేపు పెట్టి కొలిచేది. తర్వాత గ్రామసభలో, ఆపైన మండలంలో ప్రజావేదిక పెట్టి, ఫీల్డ్ అసిస్టెంటు మొదలు టెక్నికల్ అసిస్టెంటు దాకా అందరినీ నిలబెట్టి పేరు పేరునా చదివేవారు. రికవరీకి ఆదేశించిన డబ్బు పూర్తిగా వసూలు కాలేదన్న విమర్శ న్యాయమైనదే. అయినా అక్షరం రాని కూలీ మనిషి మైకు ముందుకు వచ్చి, ‘నేను ఆ దినం పనికే పోలేదు, నా పేరు మీద పైసలు ఎవరు తీసుకున్నరు?’ అని అధికారి ముఖం మీద అడగగలిగిన వేదిక అంతకుముందు మరొకటి లేదు.

ఆ తనిఖీని ప్రధానంగా ఒక్క పథకానికే ఎందుకు పరిమితం చేశామన్నది నా ప్రశ్న. ఆర్థిక సంఘం నిధులు, పన్నులు, ఎమ్మెల్యే నిధులతో వేసిన సీసీ రోడ్లు, మిషన్ భగీరథ ట్యాంకు నుంచి నల్లా దాకా నిర్వహణ ఖర్చు, అన్నిటినీ అదే పద్ధతిలో ఏడాదికోసారి తనిఖీ చేయాలి. పంచాయతీల లెక్కలు పెట్టే ఈ-గ్రామ్ స్వరాజ్ పోర్టల్‌లో అన్నీ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, కానీ పద్దు పేరూ మొత్తమూ మాత్రమే ఉంటాయి. ‘పైపులైను రిపేరు’ అన్న పద్దు కింద ఏ వాడలో ఏ పైపు మార్చారో అందులో తెలియదు, ఆ వాడ వాళ్లకు తెలుస్తుంది. సమాచార హక్కు చట్టం కింద గ్రామస్థాయిలో దరఖాస్తుకు ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే చివరికి వెళ్లాల్సిన రాష్ట్ర సమాచార కమిషన్ 2023 నుంచి 2025 దాకా రెండేళ్లకు పైగా కమిషనర్లు లేక పడి ఉండింది.

తనిఖీలో సర్పంచు ఒక్కడే బోనులో నిలబడకూడదు. రాజ్యాంగ 73వ సవరణ, పంచాయతీలకు అప్పగించదగ్గ 29 అంశాలను 11వ షెడ్యూలులో రాసింది. బడి, ఆరోగ్య ఉపకేంద్రం, వ్యవసాయ విస్తరణ, చిన్ననీటి వనరులు అందులోవే. ఆ శాఖల ఉద్యోగుల హాజరుపై గానీ పనిపై గానీ పంచాయతీ మాట చెల్లదు. ఇంజినీరు (ఏఈ), ఆరోగ్య కార్యకర్త (ఏఎన్ఎం), వ్యవసాయ విస్తరణాధికారి, గ్రామ పాలనాధికారి ఏడాదికి కనీసం రెండు గ్రామసభలకు వచ్చి తమ పని చెప్పుకోవాలని, సభ అభ్యంతరం పెడితే దానికి గడువులోపు లిఖితపూర్వక సమాధానం ఇవ్వాలని, ఇవ్వకపోతే ఆ విషయం సర్వీసు రికార్డులోకి వెళ్లాలని నిబంధన పెడితే, సోమవారం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి కోసం బస్సెక్కి కలెక్టరేటుకు పోయి క్యూలో నిలబడేవాళ్లు సగానికి తగ్గుతారు. పంచాయతీ పదవిని గుడికి డబ్బిస్తానని వేలంలో పాడుకునే ఏకగ్రీవాలు కూడా, లెక్క ఏటా బహిరంగంగా చదవాల్సి వస్తుందని తెలిస్తే కొంత తగ్గవచ్చు.

1959లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్‌ను నెహ్రూ ప్రారంభించింది అప్పటి మన పాలమూరు జిల్లాలోని షాద్‌నగర్‌లోనే. ఆ మాట ప్రతి పంచాయతీరాజ్ దినోత్సవానికీ వేదికల మీద వింటున్నాం. ఈసారి వేదిక ఎక్కే మంత్రులూ ఎమ్మెల్యేలూ దానితో పాటు పంచాయతీ నిధులన్నిటికీ సామాజిక తనిఖీ జరపాలనే జీవో ఎప్పుడు ఇస్తారో కూడా చెప్పాలి. అప్పటిదాకా ఆగనక్కర లేని పని ఒకటుంది. గ్రామసభ ఎజెండాలో వార్షిక జమాఖర్చులూ ఆడిట్ నివేదికా ఉండాలని చట్టమే చెబుతోంది కనుక, సభకు వారం ముందే ఆ రెండిటి నకలు నోటీసు బోర్డుపై అంటించాలని కోరుతూ మా వార్డు వాళ్లం కొందరం సంతకాలు పెట్టి కార్యదర్శికి ఇచ్చి, రసీదు తీసుకున్నాం. మీ ఊళ్లోనూ ఇవ్వదలిస్తే ఆ దరఖాస్తు నమూనా కామెంట్లలో పెడతాను.