కాలువ పూడింది, ఫిర్యాదు మూశారు

ఇంగ్లండ్‌లో ఉంటూ ఊళ్ళోని ఇంటి గురించి బెంగపడే మనలాంటి తిరుపతి, చిత్తూరువాళ్ళ కోసం ఈ మాటలు. తిరుపతి నగరపాలక సంస్థ మీద ఫిర్యాదు చేయడానికి దారులకు కొదవ లేదు. వార్డు సచివాలయంలో అర్జీ ఇవ్వొచ్చు, 1100కి ఫోన్ చేయొచ్చు, సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు పోవచ్చు. మొన్న స్పందన, నిన్న జగనన్నకు చెబుదాం, ఇప్పుడు ఈ వేదిక. బోర్డు మారింది గానీ అర్జీ నడిచే బాట మారలేదు. కలెక్టరేట్ నుంచి కమిషనర్‌కు, అక్కడి నుంచి విభాగానికి, చివరికి ఏ ఉద్యోగి పని చేయలేదని రాశామో ఆయన బల్ల మీదికే వస్తుంది. జవాబు రాసేది ఆయనే, ‘పరిష్కరించడమైనది’ అని మూసేదీ ఆయనే.

ఒక సందు అనుకుందాం. ఎవరో ఇంటి ముందు కారు ఎక్కడానికి సిమెంటు ర్యాంపు కట్టి సైడు కాలువను కప్పేశారు. పూడిక తీసేవాళ్ళు ర్యాంపు దాకా తీస్తారు, దాని అవతల మళ్ళీ మొదలుపెడతారు. మట్టి ఆగేది ర్యాంపు కిందే. ఫిర్యాదు పారిశుధ్య విభాగానికి పోతుంది. వాళ్ళు శుభ్రమైన ముక్క ఫొటో తీసి, ఎక్కించి, మూసేస్తారు. అబద్ధమేమీ లేదు, పూడిక నిజంగానే తీశారు. ర్యాంపు పగలగొట్టించాల్సింది టౌన్ ప్లానింగా, ఇంజనీరింగా అన్నది ఎవరూ తేల్చరు. నవంబరు వానకు నీళ్ళు మళ్ళీ గడప దాటుతాయి. 2021 నవంబరులో ఊరు ఎలా మునిగిందో చూసినవాళ్ళకు ఇది చిన్న సంగతి అనిపించదు.

ఇదే తగవు ఇంగ్లండ్‌లో స్థానిక ప్రభుత్వ అంబుడ్స్‌మన్ (కౌన్సిళ్ళ మీద, అంటే అక్కడి స్థానిక సంస్థల మీద, వచ్చే ఫిర్యాదులను విడిగా విచారించే వ్యవస్థ) దగ్గరికి పోతే అడిగే ప్రశ్నలు వేరు. కౌన్సిల్‌కు ఈ సంగతి ఏ తేదీన తెలిసింది? ఎవరు వచ్చి చూశారు, ఏం రాసుకున్నారు? ఏం చేయాలని నిర్ణయించారు, చేయకపోతే కారణం ఫైల్లో ఉందా? దానివల్ల ఫిర్యాదుదారుకు జరిగిన నష్టమేమిటి? నిర్ణయం నచ్చకపోవడం అక్కడ లెక్కలోకి రాదు. నిర్ణయం తీసుకున్న తీరులో తప్పుండాలి, ఆ తప్పు వల్ల అన్యాయం జరిగి ఉండాలి. రెండూ కలిస్తేనే కేసు.

1974 చట్టంతో పుట్టిన ఆ వ్యవస్థకు ఫీజు లేదు, లాయరు అవసరం లేదు. ముందు కౌన్సిల్ సొంత ఫిర్యాదు మెట్లు ఎక్కాలి. 2024లో వచ్చిన నియమావళి ప్రకారం మొదటి దశకు 10 పనిదినాలు, రెండో దశకు 20. సంగతి తెలిసిన 12 నెలల్లోపు అంబుడ్స్‌మన్‌కు రాయాలి. ఫైళ్ళూ సాక్షులనూ రప్పించడంలో హైకోర్టుకు ఉన్నంత అధికారం ఉంది. తీర్పు ముసాయిదాను ఇద్దరికీ పంపి, ఏమంటారని అడిగాకే ఖాయం చేస్తారు. విచిత్రమేమంటే దాని సిఫారసులకు కౌన్సిళ్ళు చట్టరీత్యా కట్టుబడనక్కర్లేదు. అయినా దాదాపు అన్నీ పాటిస్తాయి, ఎందుకంటే పాటించకపోతే ఆ సంగతి ఊరంతటికీ తెలిసేలా ప్రకటిస్తారు. పరిహారం మాత్రం కొద్దిగానే ఉంటుంది. క్షమాపణ, కొన్ని వందల పౌండ్లు, పద్ధతి మార్చుకోమన్న సిఫారసు. లక్షలు ఆశించి వెళ్తే నిరాశే.

ఇంగ్లండ్‌లో మనవాళ్ళు తరచూ తప్పేది ఏ తలుపు తట్టాలన్న విషయంలో. ఇల్లు పెంచుకోవడానికి అనుమతి రాకపోతే పోవాల్సింది ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కు, పార్కింగ్ జరిమానాకు ట్రిబ్యునల్‌కు, కౌన్సిల్ ఇంటి మరమ్మతుకు హౌసింగ్ అంబుడ్స్‌మన్‌కు. పొరుగింటివాడికి అనుమతి ఇచ్చేశారన్న బాధ మాత్రం స్థానిక ప్రభుత్వ అంబుడ్స్‌మన్ దగ్గరికి తేవచ్చు, పొరుగువాళ్ళకు అప్పీలు హక్కు లేదు కనుక. తప్పు తేలినా ఆ అనుమతి రద్దు కాదు.

మనకు లోకాయుక్త ఉంది కదా అంటారు. ఉంది, 1983 చట్టం, కర్నూలులో కార్యాలయం. కానీ అది ప్రధానంగా పదవిని దుర్వినియోగం చేశారన్న, లంచం తిన్నారన్న ఆరోపణల కోసం కట్టిన గుమ్మం. ఎవరూ తినకుండా, ఎవరూ పట్టించుకోకుండా పూడిపోయిన కాలువ అక్కడ ఇమడదు. మన దక్షిణాదిలోనే ఉన్న కేరళ స్థానిక సంస్థల కోసమే 2000లో అంబుడ్స్‌మన్‌ను పెట్టుకుంది. 13వ ఆర్థిక సంఘం పనితీరు గ్రాంటుకు పెట్టిన షరతుల్లో స్థానిక సంస్థల అంబుడ్స్‌మన్ కూడా ఒకటి. అంటే ఇది సీమదొరల దగ్గర అరువు తెచ్చుకోవాల్సిన ఆలోచనేం కాదు.

అది వచ్చేదాకా అర్జీని అంబుడ్స్‌మన్ చదువుతాడన్నట్టే రాయండి. ఒక అర్జీలో ఒకే సంగతి. కాలువ, కుక్కలు, వీధి దీపం కలిపి రాస్తే దీపం వేసి మూసేస్తారు. డోరు నంబరు, దగ్గరి కరెంటు స్తంభం నంబరు, తేదీ ఉండాలి. ‘కాలువ శుభ్రం చేయండి’ అనకుండా ‘ఫలానా ఇంటి ముందు ర్యాంపుపై ఏ విభాగం చర్య తీసుకుంటుందో లిఖితపూర్వకంగా తెలపండి’ అని అడగండి. ఫొటోతో ఆ అర్జీని మూయడం కష్టం. రసీదు నంబరు, ఎస్‌ఎంఎస్ వచ్చే ఫోను ఊళ్ళో ఉన్న మనిషివే ఉండాలి, ఆ మనిషికి సంగతి తెలిసి ఉండాలి.

మూసేశాక 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు. ఎందుకు చేయలేదని అడిగితే జవాబు రాదు, ఆ చట్టం ఇచ్చేది కాగితాలు. తనిఖీ నోటు, చర్యల నివేదిక, సంతకం చేసినవారి హోదా, కాంట్రాక్టు పనైతే ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీల నకళ్ళు కోరండి. 30 రోజుల్లో రాకపోతే మొదటి అప్పీలు, ఆ పైన 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. దరఖాస్తు భారత పౌరులకే. బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకున్నవాళ్ళు తమ్ముడి చేతో వదిన చేతో సంతకం పెట్టించాల్సిందే.

ఎమ్మెల్యే గారికి ఒక మాట చెప్పిస్తే రేపటికల్లా అయిపోతుంది కదా అనేవాళ్ళుంటారు. అవుతుంది, కాదనలేం. కానీ ఫైల్లో ఒక్క అక్షరం పడదు, మరుసటి ఏడు మళ్ళీ అదే ఫోన్. పైగా ఆ ఫోన్ చేయించగలిగేది మనలాంటి వాళ్ళే, సందు చివర అద్దెకున్నవాళ్ళు కాదు.

మన రాష్ట్ర మంత్రులు ఇంగ్లండ్ పర్యటనకు వస్తే మన తెలుగు సంఘాలు శాలువా కప్పి వినతిపత్రం ఇస్తాయి. ఈసారి అందులో స్థానిక సంస్థలకు ప్రత్యేక అంబుడ్స్‌మన్ కావాలని రాయాలి. చట్టం దాకా ఆగనక్కర్లేని కోరిక ఇంకొకటుంది: ఒక విభాగం మీద వచ్చిన ఫిర్యాదును మరో విభాగం అధికారి వెళ్ళి చూసి, పేరు రాసి సంతకం పెట్టాకే మూయాలి. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా దీనికి కమిషనర్ సర్క్యులర్ ఒకటి చాలు.