స్టూడెంట్ల ఫొటోలు అచ్చయినయంటరు సరే, ఎక్కడ అచ్చయినయో కూడా రాయుండ్రి

వరంగల్, హన్మకొండ, కరీంనగర్… ఏ ఊరి ఫొటోగ్రఫీ వర్క్‌షాప్ పోస్టర్ చూసినా కింద ఒక పట్టీ తప్పకుంట ఉంటది: "మా విద్యార్థుల ప్రచురిత విజయాలు". గోరంత సైజులో పది పన్నెండు ఫొటోలు, పక్కన మెడల్ బొమ్మలు, నడుమ చేతులు కట్టుకుని సార్. ఫీజు కట్టే పిల్లలు ఆ పట్టీని చూసే కడతరు. దాన్ని కిరాణా బిల్లు చూసినట్టు లైను లైను చూడాలె అని నా మాట.

ఎందుకంటే ఆ పట్టీలో నాలుగు రకాల సరుకు కలిపేస్తరు. పేపరోళ్లు అడిగి వేసుకున్న ఫొటో ఒకటి. ఎంట్రీ ఫీజు కట్టి పంపితే సలాన్‌లో, అంటే ఫొటోల పోటీ ప్రదర్శనలో, యాక్సెప్ట్ అయిన (ఎంపికైన) ఫొటో ఇంకొకటి. ఫొటోలు అమ్మే స్టాక్ సైట్‌లో ఎక్కించింది మూడోది. ఎవరో ఇన్‌స్టా పేజీవాళ్లు రీపోస్ట్ చేసింది నాలుగోది. నాలుగింటికీ కష్టం ఒక్కతీరు ఉండదు, నాలుగింటినీ ఒకే సైజు ఫ్రేమ్‌లో పెట్టుడే మోసం.

సలాన్ల ముచ్చట జర వివరంగ చెప్పాలె, అసలు లెక్కంతా ఆడనే తారుమారు అయితది. సలాన్లను నేను చులకన చెయ్యను. ఎఫ్‌ఐపీ (ఇండియా), ఎఫ్‌ఐఏపీ (అంతర్జాతీయ), పీఎస్‌ఏ (అమెరికా) అనే ఫొటోగ్రఫీ సంఘాల గుర్తింపు ఉన్న సలాన్‌లో పద్ధతి ప్రకారం జడ్జింగ్ ఉంటది, కొత్తోళ్లకు అది మంచి పరీక్షే. గాని "సర్క్యూట్" అని ఒకటి ఉంటది. ఒకే సెట్ ఫొటోలు ఒకసారి పంపితే మూడు, నాలుగు, ఐదు సలాన్ల జడ్జిలు వేర్వేరుగ చూస్తరు. నాలుగు ఫొటోల సెట్‌లో రెండేసి చొప్పున ఐదుచోట్ల దాటితే పది యాక్సెప్టెన్సులు. పోస్టర్ మీద అది "పది అంతర్జాతీయ విజయాలు" అయితది. ఉన్నయి మాత్రం రెండో మూడో ఫొటోలు. నిజాయితీ ఉన్నోళ్లయితే యాక్సెప్టెన్సులు ఎన్ని, వేర్వేరు ఫొటోలు ఎన్ని అని రెండు అంకెలు పక్కపక్కన రాయాలె.

ఇంకో తిరకాసు సైజు. చాలా డిజిటల్ సలాన్లకు పంపే ఫైల్ 1920×1080 పిక్సెల్స్ దాటొద్దు. అంటే రెండు మెగాపిక్సెల్స్. దాన్ని 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెల్స్) లెక్కన అచ్చేస్తే దాదాపు 6.4 అంగుళాల వెడల్పు, 3.6 అంగుళాల ఎత్తు, అంతే. మ్యాగజైన్‌లో ఏ4 నిండు పేజీకి కావాల్సింది 2480×3508. స్క్రీన్ మీద మెడల్ కొట్టిన ఫొటోను ఆ సైజుకు తీసినప్పుడు తెలుస్తది సంగతి: ఫోకస్ కంట్లో లేదు చెవి మీదుంది, ఆకాశం అంచున షార్పెనింగ్ తెల్లగీత, నీడల్లో రంగురంగుల నాయిస్ (చుక్కలు). వర్క్‌షాప్‌లో పిల్లలకు ఒక్కసారన్నా 12×18 అంగుళాల ప్రింట్ తీసి బల్ల మీద పెట్టి చూపిస్తే ఈ మూడు రోగాలూ పూటలో అర్థమైతయి. చేయించేటోళ్లు చాలా తక్కువ.

ఇగ సెటప్ షాట్లు. లక్నవరం, పాకాల ఒడ్డున పొద్దుగూకే యాళ్లకు ఒకాయనకు పైసలిచ్చి వల విసిరిస్తరు, పదిహేను మంది వరుసగ నిలబడి బర్స్ట్ మోడ్‌లో కొడతరు. జాగ సార్ చూసిండు, టైమ్ సార్ చెప్పిండు, షట్టర్ స్పీడ్ సెకనులో 1/1000 అని కూడా సారే పెట్టించిండు. ఆ పదిహేను ఫైళ్లను కలిపి పెడితే ఎవరిది ఏదో తీసినోళ్లకే తెల్వదు. నేర్చుకోనీకి ఇది తప్పు కాదు, వల విచ్చుకునే క్షణం పట్టుకునుడు చేతికి మంచి కసరత్తు. గాని అదే ఫొటోను సలాన్‌లో ఫొటోజర్నలిజం విభాగానికి పంపుడు మాత్రం తప్పు. ఫొటో కోసం ఏర్పాటు చేసిన సంఘటన, డబ్బులిచ్చి తెచ్చిన మనిషి ఆ విభాగానికి చెల్లవని పీఎస్‌ఏ నిర్వచనంలోనే ఉంటది. "ఓపెన్" (ఏ ఫొటో అయినా పంపే) విభాగంలో పంపితే ఏ గొడవ లేదు. ఈ తేడా పిల్లలకు చెప్పకుంట ఫామ్ నింపించే సార్లున్నరు. రేపు ఆ ఎంట్రీ మీద ఫిర్యాదు పోతే పేరు ఖరాబయేది పిల్లగానిదే, సార్‌ది కాదు.

పేపర్‌లో పడుడు దీనికి పూర్తిగ వేరే పని. మనకాడ జిల్లా పేజీలో మూడు కాలమ్‌ల వెడల్పు ఫొటో రావాలంటే అందం కంటే ముందు మూడు చూస్తరు: టైమ్‌కు వచ్చిందా, ఫైల్ పనికొస్తదా, క్యాప్షన్ సరిగ్గ ఉందా.

ఫైల్ దగ్గర్నే సగం మంది పడిపోతరు. వాట్సాప్‌లో మామూలుగ పంపితే ఫొటో పొడుగు వైపు దాదాపు 1600 పిక్సెల్స్‌కు తగ్గిపోతది, ఫైల్ లోపల రాసుండే వివరాలు (మెటాడేటా) ఊడిపోతయి, మీ పేరూ దాంతోనే పోతది. డాక్యుమెంట్‌గ పంపుండ్రి, లేకుంటే మెయిల్ చెయ్యుండ్రి. తెరమీద చూసే మామూలు రంగుల పద్ధతి ఎస్‌ఆర్‌జీబీలో జేపెగ్, ఫొటోషాప్ క్వాలిటీ 10 లేదా 11. అచ్చు రంగుల పద్ధతి సీఎంవైకేలోకి మీరే మార్చి పంపొద్దు, ఏ ప్రెస్‌కు ఏ కలర్ ప్రొఫైల్ అనేది పేపర్ డెస్క్ వాళ్ల పని. న్యూస్‌ప్రింట్ కాయితం సిరాను పీల్చుకుని చుక్కను పెద్దగ చేస్తది కాబట్టి తెరమీద కనిపించే ముదురు గోధుమరంగు అచ్చులో నల్ల ముద్ద అయితది. మొహాలు నీడలో ఉంటే పంపే ముందే షాడోస్ కొంచెం లేపాలె. హిస్టోగ్రామ్ (వెలుగునీడల గ్రాఫ్) మొత్తం ఎడమ గోడకు, అంటే చీకటి వైపుకు, అతుక్కున్న "మూడీ" ఫొటో ఇన్‌స్టాకు బాగుంటది, పొద్దుగాల పేపర్‌లో మొహం కనిపించదు.

వేయిస్తంభాల గుడి కాడ ఎంగిలిపూల బతుకమ్మను తీసుకుందాం, ఏటా వందల కెమెరాలు దిగే చోటు. తంగేడు, బంతి పసుపును కెమెరా మీటర్ సరిగ్గ అంచనా వెయ్యదు. మామూలు హిస్టోగ్రామ్ బాగనే కనిపిస్తది, లోపల రెడ్ చానల్ (ఎరుపు పాలు) హద్దు దాటి తెగిపోయి ఉంటది, పూలు ప్లాస్టిక్ లెక్క వస్తయి. ఎరుపు, పచ్చ, నీలం విడివిడిగ చూపే ఆర్‌జీబీ హిస్టోగ్రామ్ పెట్టుకుని ఎక్స్‌పోజర్ 2/3 స్టాప్ తగ్గించి చూడాలె. చీకటి పడ్డంక ఎల్‌ఈడీ లైట్ల కింద షట్టర్ 1/500 పెడితే ఫ్రేమ్‌లో అడ్డంగ చారలొస్తయి, ఎలక్ట్రానిక్ షట్టర్ అయితే ఇంకా ఘోరం. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు వందసార్లు మినుకుతది. అందుకే 1/100 లేదా 1/50. చప్పట్లు కొట్టే చేతులు కొంచెం కదిలినట్టు వస్తయి, రానియ్యుండ్రి, అది ఆట కదా. ఇంకోటి, గుడి పురావస్తు శాఖ కింద ఉంది, ట్రైపాడ్ పెట్టాలంటే ముందుగ అనుమతి తీసుకోవాలె. ఈ ముక్క చెప్పకుంట పదిమందిని ట్రైపాడ్లతో తోలుకపోయి గేటు కాడ వాచ్‌మన్‌తో కొట్లాడే వర్క్‌షాపులకు ఫీజెందుకో.

క్యాప్షన్ అయితే ఎవ్వరూ నేర్పరు. "మేడారంలో సమ్మక్క రాక" అని రాసి మొదటిరోజు ఫొటో పంపుతరు. మొదటిరోజు కన్నెపల్లి నుంచి గద్దెకు వచ్చేది సారలమ్మ. సమ్మక్క చిలకలగుట్ట నుంచి దిగేది రెండోరోజు. తేదీ తప్పితే దేవత మారిపోతది, డెస్క్‌లో ఊరి మనిషి ఒక్కడున్నా ఆ ఫొటో అక్కడికక్కడే పక్కకు పోతది. "వరంగల్ జిల్లా రామప్ప" ఇంకోటి. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన ఆ గుడి ములుగు జిల్లా పాలంపేటలో ఉంది. వేయిస్తంభాల గుడేమో హన్మకొండ జిల్లా, ఖిలా వరంగల్ తోరణాలు వరంగల్ జిల్లా. ఎవరు, ఏం చేస్తున్నరు, ఏ ఊరు, ఏ మండలం, ఏ తేదీ… రెండు వాక్యాలు చాలు. వాటిని ఫైల్ లోపల ఐపీటీసీ (ఫొటో వివరాలు రాసే గడులు) డిస్క్రిప్షన్‌లో రాసి, క్రియేటర్ గడిలో మీ పేరు పెట్టుండ్రి. మేడారం జంపన్నవాగులో తానాలు చేసే ఆడోళ్ల ఫొటోలు మాత్రం తీసినా పంపకుండ్రి. అవి అచ్చయితే విజయం కాదు.

సార్ల విజయాల సంగతి చిన్నగ చెప్త. పేరు వెనుక ఏఎఫ్‌ఐఏపీ, ఈఎఫ్‌ఐఏపీ అని ఎఫ్‌ఐఏపీ ఇచ్చే బిరుదులు ఉంటే ఆయన సలాన్లలో బాగ ఆడిండని అర్థం, అది కష్టార్జితమే. నేర్పుతడా లేదా అనేది దాంతో తెలియదు. ఆయన స్టూడెంట్ ఒకరు తీసిన వంద ఫ్రేములు, వాటిలోంచి ఏరిన ఐదు, ఆ ఐదే ఎందుకో చూపించమని అడుగుండ్రి.

హక్కులు చూసుకోండి. కొన్ని చోట్ల అడ్మిషన్ ఫామ్ వెనుక చిన్న అక్షరాల్లో "వర్క్‌షాప్‌లో తీసిన ఫొటోలన్నీ సంస్థవే" అని ఉంటది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఫొటో తీసినోళ్లే మొదటి హక్కుదారు, మీరు ఫీజు కట్టి నేర్చుకునేటోళ్లు గాని వాళ్ల ఉద్యోగులు కాదు. హక్కు వేరేవాళ్లకు పోవాలంటే రాతపూర్వకంగ సంతకం కావాలె. ఆ కాయితంలో గడువు రాయకుంటే ఐదేళ్లు, ప్రాంతం రాయకుంటే ఇండియా వరకే అని చట్టంలోనే ఉంది. హక్కు రాసిచ్చినా తీసింది నేనని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద మీకే ఉంటది. పోస్టర్ మీద మీ ఫొటో వేసి కింద సార్ పేరు ఉంటే అడగనీకి మొహమాటమెందుకు?

ఈ మధ్య మొదలైన కొత్త యాపారం "గ్యారంటీ పబ్లికేషన్". కోర్సు అయిపోంగనే ఒక కాఫీ టేబుల్ బుక్ తీస్తరు, ఒక్కొక్కరికి రెండు పేజీలు, ఆ పుస్తకం కాపీలు కొనాల్సింది ఆ పిల్లలే. ఐఎస్‌బీఎన్ (పుస్తకానికిచ్చే గుర్తింపు నంబరు) ఉంది కదా అని గొప్పలు చెప్తరు. మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితం, దరఖాస్తు పెట్టుకుంటే ఇస్తరు, దానికీ ఫొటోల నాణ్యతకూ సంబంధమే లేదు. ఎన్ని కాపీలు వేసిండ్రు, కోర్సులో లేనోళ్లు ఎంతమంది పైసలిచ్చి కొన్నరు అని అడుగుతున్న. జవాబు చెప్పేటోళ్లుంటే కింద రాయుండ్రి, పోస్ట్ తెరిచే ఉంచుత.