ముఖం చూసి వయసు చెప్పడం వేరు, మనిషిని గుర్తించడం వేరు

ముఖం చూసి వయసు చెప్పే సాఫ్ట్‌వేర్‌కీ, రెండు ఫొటోల్లో ఉన్నది ఒకరేనా అని తేల్చే సాఫ్ట్‌వేర్‌కీ పైపైన చూస్తే తేడా కనిపించదు. రెండింటికీ ఇచ్చేది ఫొటోనే, రెండూ తిరిగిచ్చేది ఒక అంకెనే. అందుకే కాబోలు, కేసు ఫైల్లో ఈ అంకెలు రెండూ పక్కపక్కన చేరితే ఒకదానికొకటి బలమిస్తున్నట్టు అనిపిస్తుంది. నా అభ్యంతరం అక్కడే.

వయసు లెక్కేసే ప్రోగ్రామ్‌కి ఫొటోలో ఉన్నదెవరో తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. ఇలాంటి చర్మం, ఇలాంటి దవడ మామూలుగా ఏ వయసువాళ్లకి ఉంటాయో మాత్రమే చెబుతుంది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2024లో ఇలాంటి ఆరు అల్గారిథమ్‌లను పరీక్షించింది. వీసా ఫొటోల మీద 2014లో 4.3 ఏళ్లున్న సగటు తప్పు 3.1 ఏళ్లకు తగ్గిందని తేలింది. మెరుగుదలే, కాదనను. కానీ సగటు అంటే హద్దు కాదు. కొందరికి కొద్ది నెలల తేడానే వస్తే, ఇంకొందరికి ఆరేడేళ్లు కూడా రావచ్చు. ఆడవాళ్ల ముఖాలతో తప్పులు దాదాపు ప్రతిచోటా ఎక్కువే. పైగా వీసా ఫొటో అంటే వెలుతురు చూసుకుని, నేరుగా కెమెరాకేసి చూస్తూ దిగినది. దర్యాప్తులో చేతికొచ్చేది ఫిల్టర్ వేసిన సెల్ఫీయో, సీసీ కెమెరాలోని మసక బొమ్మో.

బ్రిటన్‌లో మద్యం అమ్మే చోట ఈ లోపానికి విరుగుడుంది, కొనడానికి 18 నిండితే చాలు, అయినా పాతికేళ్లలోపు కనిపిస్తే ఐడీ కార్డు అడుగుతారు. దర్యాప్తులో ఆ వెసులుబాటు లేదు. బాధితురాలు మైనరా కాదా అన్నది సరిగ్గా 18 గీత దగ్గరే తేలాలి, మూడేళ్ల సగటు తప్పున్న సాధనం తడబడేదీ అక్కడే. అదీగాక, అది చెప్పేది ఫొటో తీసిన నాటి వయసు. ఫొటో ఎప్పటిదో తెలియకపోతే ఇవాళ ఆ మనిషి వయసెంతో చెప్పే దారే లేదు.

కంప్యూటర్లు రాకముందూ ఈ టెంప్టేషన్ ఉంది. యుక్తవయసులో శరీరంలో వచ్చే మార్పులను దశలుగా కొలిచే కొలమానానికి తన పేరే ఉన్న బ్రిటిష్ వైద్యుడు టానర్, ఆ దశలతో అసలు వయసు లెక్కగట్టడం దుర్వినియోగమని 1998లో పీడియాట్రిక్స్ పత్రికలో మరో వైద్యుడితో కలిసి రాశారు. కోర్టుల్లో అలా వాడేస్తున్నారు కాబట్టే రాయాల్సి వచ్చింది.

ముఖాల పోలిక చిక్కులు వేరు. పెద్ద డేటాబేస్‌లో వెతికిస్తే, అసలు మనిషి అందులో లేకపోయినా, బాగా పోలికలున్నవాళ్ల జాబితా వచ్చేస్తుంది. డేటాబేస్ పెరిగేకొద్దీ పోలికలున్నవాళ్లూ పెరుగుతారు. శిక్షణ పొందిన నిపుణులు సాఫ్ట్‌వేర్ ఇచ్చిన పోలిక స్కోరుతో ఆగరు. చెవి మడతలు, పుట్టుమచ్చలు, మచ్చలు, ముక్కుపుటాల ఆకారం ఒక్కొక్కటే పోల్చి చూస్తారు. చివరికి కూడా అవును, కాదు అనరు, ఆధారం ఎంత గట్టిదో రాస్తారు.

అమెరికాలోని డెట్రాయిట్‌లో 2023లో ఎనిమిదో నెల గర్భిణిని కారు దోపిడీ కేసులో అరెస్టు చేశారు. మూలం ఫేషియల్ రికగ్నిషన్ మ్యాచ్. 2021 నాటి లైసెన్స్ ఫొటో అందుబాటులో ఉన్నా, 2015 నాటి పాత ఫొటోనే వాడారని ఆమె దావాలో చెప్పింది. ఆమె మీద పెట్టిన దోపిడీ కేసు నిలబడలేదు. ఫొటోకి ఎన్నేళ్లన్నది పోలికలోనూ ముఖ్యమే.

పిల్లల దగ్గరికొచ్చేసరికి రెండూ బలహీనమే. చాలా అల్గారిథమ్‌లు పిల్లల్లో, వృద్ధుల్లో ఒకరిని మరొకరుగా పొరబడటం ఎక్కువని నిస్ట్ 2019 నివేదిక చెప్పింది. తప్పిపోయిన బాలిక కోసం వెతుకుతూ, ముందే "15 నుంచి 18 ఏళ్లవాళ్లు" అని వయసు అంచనాతో జల్లెడ పడితే, 20గా లెక్కకొచ్చిన అసలు అమ్మాయి ముఖం పోలిక దాకా రానే రాదు. తప్పు జరిగినట్టు ఎవరికీ తెలియదు కూడా. పోల్చే నిపుణుడికి వయసు అంకె ముందే చూపించడమూ అంతే ప్రమాదం, కళ్లు దానికి తగ్గట్టే చూస్తాయి.

అసలు మైనరా కాదా అన్నది రుజువు చేయాలంటే వెళ్లాల్సింది ఎదురు దారిలో. ముందు మనిషెవరో తేలాలి, పోలిక ఒక్కటే కాక ఇతర సాక్ష్యాలతో సహా. తేలాక పుట్టిన తేదీ జనన ధ్రువపత్రంలోనే దొరుకుతుంది, ముఖాన్ని అడగనక్కర్లేదు. ఇక వయసు అంచనా ఎందుకంటారా? స్వాధీనం చేసుకున్న హార్డ్‌డిస్క్‌లో లక్షల ఫొటోలున్నప్పుడు, పిల్లలు ఉండే అవకాశమున్నవి ముందు తీసి అధికారి ముందు పెట్టడానికి. ఆ పని వరకు వాడుకోనివ్వండి. ఛార్జిషీటులో మాత్రం ఆ అంకె కనిపించకూడదు.